పైకి పోయిన ఇనుపోడు

ఇప్పుడంటే ఎవరి ఫోను వాళ్లు చేతిలో పట్టుకుని ఎవరి బొమ్మలు వాళ్లు చూసుకుంటున్నారు గానీ, రెండువేలు దాటిన ఆ తొలి రోజుల్లో ఒకే టీవీ ముందు కూర్చున్నవాళ్లంతా ఒకే ఇంటివాళ్లయిపోయేవారు. ఇల్లందులో ఒక ప్రైవేటు బడిలో నేను కొత్తగా చేరిన తెలుగు సార్‌ని. (పిల్లల తప్పులు దిద్దమని జీతమిస్తే ఊరందరి తప్పులూ దిద్దే వయసు.) పెద్దమ్మ ఇంట్లో కిరాయికి ఉండేవాణ్ణి. పెద్దమ్మంటే చుట్టం కాదు, ఇంటి ఓనరు. పిల్లలు లేరు, భర్త బొగ్గుబాయిలో పోయాడు. (అక్కడ గనిని బాయి అంటారు.) పక్క గదిలో జూలూరుపాడు అవతలి అడవి పల్లె కుర్రాడు, ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. ముగ్గురం ఒకరికొకరం ఏమీ కాము. అయినా ఒకే గిన్నెలో అన్నం వండుకునేవాళ్లం.

శనివారం సాయంత్రాలు ఒక డబ్బింగు సీరియల్ వచ్చేది. చుక్కల మధ్య తిరిగే ఓడ, అందులో నలుగురు మనుషులు, వాళ్లకు ఎక్కడో దొరికితే తెచ్చి పెంచుకున్న ఇనుప చేతుల కుర్రాడు. పెద్దమ్మ వాడికి ఇనుపోడని పేరు పెట్టింది. వాడెప్పుడూ ఏమీ తినడని ఆమెకు బెంగ. ఒక శనివారం ఓడ ఏదో గ్రహం దగ్గర ఆగింది. ఇనుపోడు లేచి, "నేను పోతున్నాను" అన్నాడు. తలుపు మూసుకుంది. బట్టల సబ్బు ప్రకటన వచ్చింది. సబ్బు అయ్యాక చూస్తే వాడి కుర్చీలో ఇంకెవడో కూర్చుని మీటలు నొక్కుతున్నాడు. ఎక్కడికి పోయాడని గానీ, ఎందుకు పోయాడని గానీ ఆ నలుగురిలో ఒక్కరూ అడగలేదు. పెద్దమ్మ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "పోతున్న అంటడా? పోయొస్త అనడా?" అంది. నేను ఊరుకోవచ్చుగా! వ్యాకరణం ప్రకారం అందులో తప్పేమీ లేదని మొదలుపెట్టాను. ఆమె టీవీ కట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు చర్చిలో ఎవరికేం ప్రార్థన కావాలని అడిగితే పెద్దమ్మ లేచి, మా ఇంట్ల పిల్లగాడు చెప్పకుండ పైకి పోయిండు, వానికోసం ప్రార్థన చెయ్యుండ్రి అందట. (మేమిద్దరం చర్చికి వెళ్లేవాళ్లం కాదు, ఉంటే ఆపేవాళ్లం.) ఇంకేముంది, మధ్యాహ్నానికి మా వాకిట్లో జనం. కొంగు నోటికడ్డం పెట్టుకున్న ఆడవాళ్లు, చేతిలో బైబిలుతో చర్చి అయ్యగారు, వెనక ఎవరో టీ ఫ్లాస్కూ బన్నులూ పట్టుకుని. తలుపు తీసింది కాంపౌండరు, బనియనుతో, మొహం నిండా గడ్డం గీసుకునే నురగతో. ముందున్నావిడ రెండు మెట్లు వెనక్కి దిగింది. అయ్యగారు వాడి చెయ్యి పట్టుకుని వెచ్చగా ఉందో లేదో చూశారు. "సార్, నాకేమైంది?" అని వాడు పాపం నన్నే అడిగాడు. అంతమందికీ చుక్కల ఓడ సంగతి నేనే విప్పి చెప్పాల్సి వచ్చింది. అంత కష్టమైన పాఠం మళ్లీ చెప్పలేదు. పోయింది కాంపౌండరు కాదనీ, పోయినవాడు చావలేదనీ, అసలు వాడు లేనే లేడనీ అర్థమయ్యేసరికి వాకిలంతా ఒకటే నవ్వు.

పెద్దమ్మ నవ్వలేదు.

"మా ఆయన గూడ గట్లనే పోయిండు. నేను నల్లా కాడ ఉన్న. తలుపు దగ్గరికేసి బాయికి పోయిండు. పోయొస్త అనలే. పైకప్పు కూలినంక మూట గట్టి తెచ్చిన్రు. ఆ మాట నాకింక రాలే."

నవ్వులు ఆగిపోయాయి. ఆ నిలబడ్డ ఆడవాళ్లలో బాయికి మనిషిని పంపనిది ఒక్కతీ లేదు. బన్నులు ఎవరూ ముట్టలేదు. పొరపాటున పరామర్శకు వచ్చినవాళ్లు ఎన్నో ఏళ్ల కిందటి చావుకు అప్పుడు కూర్చుని ఏడ్చారు. కాంపౌండరే మొహం కడుక్కుని, చొక్కా తొడుక్కుని, ఆదివారం డ్యూటీ లేకపోయినా చెప్పులేసుకుని గుమ్మం బయట నిలబడ్డాడు.

"పోయొస్త పెద్దమ్మా."

ఆమె వాడివైపు చూసి, "పోయిరా బిడ్డా" అంది. వాడు సందు చివరిదాకా నడిచి, అక్కడేం పని లేక ఒక కొత్తిమీర కట్ట పట్టుకుని తిరిగొచ్చాడు. ఆ రోజు నుంచి ఇంట్లో అదే చట్టం. పెరట్లో దొడ్డికి వెళ్లినా చెప్పి వెళ్లాల్సిందే, ఆమె పోయిరా అనేదాకా చెంబుతో నిలబడాల్సిందే.

తర్వాత నాకు సర్కారు ఉద్యోగం వచ్చి కల్లూరు వెళ్లాను. (బస్సు హారను కొడుతున్నా పోయొస్తనని చెప్పే ఎక్కాను.) కొన్నేళ్లకు పెద్దమ్మ దవాఖానాలో ఉందని కాంపౌండరు కబురు చేస్తే పరుగున వెళ్లాను. మనిషి మంచానికి అతుక్కుపోయి ఉంది. కాంపౌండరు చెంచాతో నీళ్లు పడుతున్నాడు. నా బస్సుకు వేళయిందని లేస్తే ఆమె చెయ్యి పట్టుకుంది.

"పోయొస్త బిడ్డా."

మందుల మత్తులో మాట తడబడిందనుకున్నాను. పోయేది నేను పెద్దమ్మా, నువ్వు పోయిరా అనాలె, అని నవ్వుతూ దిద్దాను. "అవ్, నువ్వు సార్‌వి గద" అని ఆమె కూడా నవ్వింది. మర్నాడు పొద్దున కాంపౌండరు ఫోన్ చేశాడు. ఎత్తగానే ఏడుపే వినపడింది.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది, జేబులో ఎర్ర పెన్ను మాత్రం అలాగే ఉంది. సాయంత్రం గంట కొట్టగానే పిల్లలు "పోతున్నం సార్" అని గేటు వైపు ఉరుకుతారు. ఆపి దిద్దుదామని నోరు తెరుస్తాను. అంతలో, అంత సరైన మాటను తప్పని దిద్దివచ్చిన ఆ కుర్ర సార్ గుర్తొచ్చి నవ్వొస్తుంది, కళ్లద్దాలు తుడుచుకోవాల్సి వస్తుంది. "పోయిరాండ్రి" అని అందరికీ వినపడేలా అంటాను. పిల్లలు వెళ్లాక ఇంకోసారి, మెల్లగా, పెద్దమ్మకు కూడా అంటాను.