అత్త ఫోన్‌లో నా పేరు మీద ఉన్న ఫోటోలు

నిన్న పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "సత్యత్త పోయిందే" అంది.

"ఏ సత్యత్త?" అని అడిగాను.

నాకున్నది ఒక్కతే సత్యత్త. నాన్న చెల్లెలు. ఈ దేవేంద్ర నగర్‌లోనే, మా ఇంటికి రెండు గల్లీల అవతల. అయినా ఆ ప్రశ్న ఎందుకు వేశానో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

టీ తాగి, గుండెల్లో మంటగా ఉందని పడుకుందట. అంతే. సాయంత్రానికి అన్నీ అయిపోయాయి.

మా అత్త మీలో చాలామందికి తెలుసు. సరిగ్గా తెలియకపోయినా, ఏదో ఒక ఫోటోలో మిమ్మల్ని ట్యాగ్ చేసే ఉంటుంది.

ఫోటోలో లేనివాళ్ళని కూడా చేసేది.

మా ఇంట్లో వ్రతం ఫోటోలో ఉన్నది ఆరుగురం. ట్యాగులు ముప్ఫై నాలుగు. అత్త మరిది భన్‌పురిలో ట్రాన్స్‌పోర్ట్ పని చేస్తాడు, ఆరోజు నాగ్‌పూర్‌లో ఉన్నాడు. "ఇందులో నేనెక్కడున్నాను వదినా?" అని పాపం కామెంట్ పెట్టాడు.

అలా చెయ్యకూడదత్తా అని నేనూ చెప్పి చూశాను.

"ఏటే, బొట్టెట్టి పిలిసినట్టే గదా ఇది! పేరెట్టి పిలవకపోతే, సత్య నన్ను మరిసిపోనాది అనుకోరా? రావడం, రాకపోవడం ఆళ్ళ మర్జీ" అంది.

ఆ శ్రీకాకుళం తెలుగుకి ఇక్కడి హిందీ తోడైతే ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

ఇక నా సంగతి. రాయాలా వద్దా అని పొద్దుట్నుంచీ కొట్టుకుంటున్నాను.

రాస్తాను.

నాలుగు నెలల కిందట జ్వరమని ఆఫీసుకి సెలవు పెట్టి, శంకర్ నగర్‌లో ఫ్రెండ్‌తో గుప్‌చుప్, అదే పానీపూరీ, తింటున్నాను. అత్త ఎదురైంది. సెల్ఫీ అంది. బుగ్గ నిండా గుప్‌చుప్‌తో నవ్వాను.

నేను ఇల్లు చేరేలోపే పోస్ట్ వచ్చేసింది. "మా అమ్మడుతో" అని. నా పేరుకి ట్యాగ్, పక్కనే లొకేషన్.

అత్త ఫ్రెండ్స్ లిస్టులో మా మేనేజర్ ఉన్నాడని నాకేం తెలుసు? మర్నాడు అందరి ముందూ అడిగాడు. "తబియత్ కైసీ హై మేడమ్? గుప్‌చుప్ జ్యాదా తీఖా తో నహీ థా?" ఒంట్లో ఎలా ఉంది, గుప్‌చుప్ మరీ కారంగా లేదు కదా అని.

తల కొట్టేసినట్టయింది. అత్తకి ఫోన్ చేసి "నీకసలు ఫోన్ ఎవరిచ్చారు?" అని అరిచాను. ట్యాగ్ తీసేశాను. ఆ తర్వాత ఆవిడ రోజూ పంపిన గుడ్ మార్నింగుల్లో ఒక్కదానికీ జవాబివ్వలేదు.

అబద్ధమాడింది నేను. అలిగిందీ నేనే.

నిన్న సాయంత్రం అమ్మ ఒక మాట చెప్పింది. నేను ట్యాగ్ తీసేసిన రోజు అత్త మా ఇంటికొచ్చి అడిగిందట. "నాను పిలిస్తే ఒద్దనీసిందేటి వదినా, అమ్మడు?"

నాకు ఏడుపు కూడా సరిగ్గా రాలేదు.

ఇవాళ మామయ్య అత్త ఫోన్ నా చేతిలో పెట్టి, ఫ్రేమ్ కట్టించడానికి మంచి ఫోటో వెతకమన్నాడు.

ఫోన్ గ్యాలరీ ముఖాలని బట్టి ఫోటోలని విడదీస్తుంది కదా, అందులో అందరి ముఖాలకీ పేర్లు పెట్టుకుంది. "భిలాయి వదిన". "భన్‌పురి మరిది". "పప్పు బాగా చేసే కోడలు". ఎంత వెతికినా అత్త పేరు మాత్రం లేదు.

"అమ్మడు" అని ఉంటే తెరిచాను. ముందు అన్నీ నావే. కిందకి వెళ్తే అత్త పెళ్ళి ఫోటో. రైల్వే క్వార్టర్స్‌లో రెండు జడలతో అత్త. పోయిన వారం బాల్కనీలో తీసుకున్న సెల్ఫీ. అన్నీ నా పేరు మీదే ఉన్నాయి.

నాది మేనత్త పోలికే అంటారు. ఈ ఇద్దరూ ఒకరేనా అని ఫోన్ అడిగి ఉంటుంది. అత్త అవునని నొక్కి ఉంటుంది.

కళ్ళజోడు లేకుండా నొక్కిందా? కావాలనే నొక్కిందా?

నేను మాట్లాడటం మానేయకముందా? మానేశాకా?

మామయ్యని అడిగాను. "ఏమోనమ్మా, ఆవిడ ఫోన్ గోల నాకు తెలీదు" అన్నాడు.

ఆ గుప్‌చుప్ ఫోటో ఆవిడ పేజీలో ఇంకా ఉంది. అందులో నా పేరు లేదు. తీసేసిన ట్యాగ్ మళ్ళీ రావాలంటే, ఫోటో పెట్టినవాళ్ళే పెట్టాలట.

ఫోన్ నా చేతిలోనే ఉంది. లాక్ కూడా లేదు. కానీ నేను నొక్కితే అది అత్త పిలిచినట్టా, నన్ను నేనే పిలుచుకున్నట్టా?

ఫోన్ మామయ్యకి ఇచ్చేశాను.

ఇంకొక్కసారి పిలిచి ఉంటే వచ్చేదాన్నత్తా.

వెళ్ళిరా. ఎక్కడున్నా నీ మనసు నెమ్మదిగా ఉండాలి.