శ్రీమంతంనాడు పెరిగిన జీతం

నా నోరు మంచిది కాదని మా ఆత్మకూరు అంతా అంటది. అననియ్యి. నేను రేణుకమ్మను, గొర్లకాపరోళ్ల ఇంటిదాన్ని, నోరు లేకుంటే మందల గొర్రె కూడ మాట ఇనదు. కానీ నోరు లేని మనిషికి ఏమైతదో నా కోడలు రజని దగ్గర కండ్లార సూసిన.

రజనిది తిరుమలగిరి. బోరు నీళ్ల మీద పత్తి పండించే ఇల్లు. దాని తండ్రి బీరయ్య చేన్ల పత్తి ఏరిపిచ్చుకుంటనే పిల్లను డిగ్రీ దాక సదివిచ్చిండు. పెండ్లయినంక మిర్యాలగూడల ఒక రైస్ మిల్లు ఆఫీసుల కంప్యూటర్ పనికి కుదిరింది. వడ్ల లారీ లోపలికొచ్చినా, బియ్యం లారీ బయటికి పోయినా దాని చేతి మీదనే పోవాలె. డ్రైవర్లు ఎంత గొంతు చించుకున్నా తల ఎత్తదు. ఎవరన్న ఇంత మంచి చేసిన్రనుకో, ఇగ జన్మంత వాళ్లకు రుణపడ్డట్టే వంగిపోతది. గదే దాని గుణం, గదే దాని ఖర్మ.

నా కొడుకు నరేష్ దామరచర్ల కరెంటు ప్లాంటు కాడ కాంట్రాక్టు పని చేసెటోడు. రజనికి ఐదో నెల పడ్డప్పుడే గాడ వాని పని ఖతమైంది. అప్పటిసంది దొరికిన్నాడు కూలి, దొరకనాడు మంచం. కిరాయి, తిండి, దవాఖాన ఖర్చు అన్నీ రజని జీతం మీదనే. కానుపుకు పోతే ఇల్లెట్ల ఎల్లుతది అని నేను పరేషాన్ అయితుంటే, రజనే నాకు ధైర్యం చెప్పింది. మిల్లోళ్లు జీతంలకెళ్లి ఈఎస్ఐకి కడుతరంట, కానుపైతే ఆరు నెలలు ఇంట్ల కూసున్నా జీతమంత పైసలు వస్తయంట. పని చెయ్యకుంటే పైస ఇచ్చెటోడు ఈ లోకంల ఉంటడా అని నేను నవ్విన. చట్టం ఉన్నదత్తమ్మా అన్నది.

ఏడో నెల శ్రీమంతానికి మిల్లు ఓనరు భార్య అరుంధతమ్మ మిర్యాలగూడల నా కొడుకోళ్ల కిరాయి ఇంటికే వచ్చింది. వాళ్లు భూములున్నోళ్లు, పది మందికి పని ఇచ్చెటోళ్లు. చాప మీద మాతోటి సమంగ కూసున్నది. రజనికి గాజులు తొడిగి, గదువ పట్టుకొని, నీకు చీరలు పుట్టింటోళ్లు పెడుతరు గదా, నేను నీ జీతం పెంచుతున్న బిడ్డా అని అందరి ముందట చెప్పింది. ఆమె మనసుల ఏ కపటం లేదు, ఉన్న మాట అనాలె. రజని కండ్ల నీళ్లు తీసుకొని కాళ్లు మొక్కింది. నేను వాడకట్టంత చక్కెర పంచిన.

కానుపు దగ్గర పడ్డంక సెలవు గురించి అడుగుదామని రజని మిల్లు అకౌంట్లు చూసే శశిధర్ దగ్గరికి పోయింది. నీ జీతం ఈఎస్ఐ లిమిట్ దాటింది, ఈఎస్ఐకి ఆరు నెలలకోసారి లెక్క, మొన్న ఆ గడువు కాంగనే నీ పేరు తీసేసినం అన్నడంట. సెలవు పెట్టుకో, నీ కుర్చీ నీకే ఉంటది, జీతం మాత్రం రాదు అన్నడంట. ఇంటికొచ్చి గడప మీద కూలబడ్డది. జీతం పెరిగినందుకే జీతం పోయింది. గిట్లాంటి వింత నేను పుట్టి బుద్ధెరిగి ఇనలే.

అరుంధతమ్మను అడుగు అన్నడు నరేష్. నేను పోయి అడుగుత అని లేసిన. రజని నా చెయ్యి పట్టుకొని తన కడుపు మీద పెట్టుకున్నది.

"పెట్టిన చేతినే మళ్ల అడుగుతరా అత్తమ్మా? నా కడుపుల బిడ్డ మీద ఒట్టు, నువ్వు పోవద్దు."

కడుపు మీద ఒట్టు పెట్టినంక ఎవరు కదులుతరు? నా నోరు గాడనే పడిపోయింది.

సూర్యాపేట దవాఖానల మగపిల్లగాడు పుట్టిండు. ఐదో నెల దాక పుట్టింట్ల ఉండాల్సిన బాలింత, నలభై రోజులు దాటంగనే మిర్యాలగూడ వచ్చి పనికెక్కింది. వాళ్లమ్మ బస్టాండ్ల ఏడ్సిన ఏడుపు నేను మరువలే. ఆత్మకూర్ల గొర్లను మా ముసలాయనకు ఒప్పజెప్పి నేను పిల్లగాని కోసం వచ్చిన. మొదట్ల ఆఫీసుల కూసున్నప్పుడు పాలు చేపి రజని జాకెట్ తడిసిపోయేది. చున్నీ కప్పుకొని పోయి బాత్రూంల పిండి పారబోసేదంట. పిల్లను ఇంట్ల కట్టేసి తల్లిని మేతకు తోలితే గొర్రె పొదుగైనా ఎన్నాళ్లు నిలుస్తది? కొన్నాళ్లకు పాలు ఆరిపోయినయ్. పిల్లగానికి సీసానే దిక్కైంది, నా ఒడే ఊయలైంది.

వానికి ఐదో నెల నడుస్తుంటే అనురాధ సూడొచ్చింది. రజనితోటి సదువుకున్న పిల్ల, కోదాడల ప్రైవేటు కాలేజీ ఆఫీసుల పని చేస్తది. అప్పుడే పనికి ఎందుకు పోతున్నవే అని అడిగితే రజని సంగతంత చెప్పింది. అనురాధ చేతిల చాయ్ కింద పెట్టేసింది.

"లిమిట్ దాటితే దాటనివ్వు రజనీ. అంతకుముందు ఏడాదంతా నీ పేరు మీద కట్టారు కదా, కానుపు డబ్బులు దాని మీదే వస్తాయి. అక్కడ రాకపోతే మిల్లు వాళ్లే ఇవ్వాలి. నాకూ జీతం పెరిగింది, నాకు ఇచ్చారు."

ఇప్పుడన్న ఇస్తరా అని నేనే అడిగిన. ఇంట్లో ఉన్న రోజులకే ఇస్తారు పెద్దమ్మా, పనికెళ్లిన రోజులకు ఇవ్వరు అన్నది.

రజని మొఖంల నెత్తురు సుక్క లేదు. ఏడిస్తే బాగుండు, ఏడ్వలే. పైసలు పోతే పోయినయ్ గానీ, పిల్లగాన్ని ఇడిసిపెట్టి పనికి పోయింది గదా, ఆ పోవుడే అక్కరలేకుండె. పొద్దుమూకే దాక గోడకానుకొని అట్లనే కూసున్నది.

తెల్లారి పిల్లగాన్ని సంకనేసుకొని, రజని ఎంట నేను గూడ మిల్లుకు పోయిన. కడుపుల బిడ్డ మీది ఒట్టు, బిడ్డ బయటపడంగనే తీరిపోయింది నాకు. అరుంధతమ్మను నిలబెట్టి అంత చెప్పిన. ఆమె అప్పటికప్పుడే శశిధర్‌ను పిలిస్తే, సెలవు సంగతి అడిగింది, ఈఎస్ఐల పేరు లేదని చెప్పిన, మిగిలింది నాకూ తెల్వదమ్మా అని నీళ్లు నమిలిండు.

"నన్నొక్క మాట ఎందుకు అడగలే బిడ్డా?" అన్నది అరుంధతమ్మ.

"మీరు అప్పుడే పెట్టిన్రు గదమ్మా," అన్నది రజని.

అరుంధతమ్మ నా సంకల పిల్లగాన్ని సూసి, ఇయ్యాల్టిసంది ఇంటికాడ ఉండు, ఆరు నెలలల మిగిలిన వారాలకు జీతం మేం ఇస్తమని చెప్పింది.

ఇంటికొచ్చి రజని కాళ్లు కడుక్కొని, తలుపు దగ్గరేసి, పిల్లగాన్ని ఒడిల పండుకోబెట్టుకున్నది. పాలు లేకున్నా రొమ్ము అందిచ్చింది. వాడు రెండు గుక్కలు పీకి, మొఖం తిప్పుకొని గుక్కపట్టి ఏడ్సిండు. ఏడ్సుకుంట నన్ను సూసి, రెండు చేతులు నా దిక్కు సాపిండు. వేరే అత్తకైతే సంబురమయ్యేదేమో. నాకు సిగ్గుతోటి పాణం పోయినంత పనైంది. చేతులు ఎనక్కి పెట్టుకొని ఎంతసేపు నిలబడుత, పిల్లగాడు నీలిగిపోతుండు. తీసుకో అత్తమ్మా అన్నది రజని.

తీసుకున్న. తీసుకోంగనే ఊకున్నడు.