మంచు మీద ఎర్రదుమ్ము

ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో మే నెల ఎండను ఎవరూ వర్ణించరు. తిట్టుకుంటారు, అంతే. అలాంటి ఎండలో, రెండు గదుల డాబా ఇంట్లో, తడి తువ్వాలు మెడకు చుట్టుకుని దుర్గాభవాని రోజూ పొద్దున తొమ్మిదింటికి మంచు చూస్తూ కూర్చుంటుంది.

నవ్వేవాళ్లు నవ్వుతారు గానీ అది ఉద్యోగమే. ఆల్ప్స్ కొండల్లో ఒక హిమానీనదం ఉంది. ఎండాకాలంలోనూ కరిగిపోని ఆ మంచు మీదికి జనం పనిగట్టుకుని వెళ్లి, కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని జారుతుంటారు. స్కీయింగ్ అంటారు దాన్ని. అక్కడి తొమ్మిది కెమెరాలు తీసే ఫొటోలు జగదల్‌పూర్‌లోని ఒక చిన్న ఆఫీసు ద్వారా ఈమె ల్యాప్‌టాప్‌లోకి వస్తాయి. మనకు తొమ్మిదైతే వాళ్లకు ఐదున్నర. రాత్రి గడ్డకట్టిన మంచు గట్టిగా ఉందా, పగుళ్లు ఎక్కడ తేలాయి, ఏ వాలు మీద ఎన్ని గంటలదాకా జారొచ్చు అన్నది ఫొటోలూ థర్మామీటరు అంకెలూ చూసి నాలుగు వరుసల్లో రాయాలి. పొద్దెక్కితే మంచు మెత్తబడుతుంది కాబట్టి మామూలుగా అక్కడి పన్నెండింటికి అన్నీ మూసేస్తారు. ఆ నాలుగు వరుసలు చదివి వాలులు తెరిచే పెద్దమనిషి పేరు ఆంటన్. ఆమె అతన్ని ఎప్పుడూ చూడలేదు, మంచునూ చేత్తో ముట్టుకోలేదు.

దుర్గాభవానికి ముప్పై రెండేళ్లు. తండ్రి విజయనగరం వైపు నుంచి గని పనికి వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, ఇక్కడే పోయాడు. తల్లి సోమక్కది కోంట దగ్గర శబరి ఒడ్డు. కూతురు ఇంట్లో తెలుగు, కొట్లో హిందీ, సంతలో హల్బీ, బేరం తెగకపోతే గోండీ మాట్లాడుతుంది. ఎనిమిదేళ్లు ఒక ప్రైవేటు బడిలో అరవైమంది పిల్లల మీద అరిచి అరిచి గొంతు పాడుచేసుకుంది. ఈ పనిలో అరవక్కర్లేదు. పైగా ఆ కొండంటే ఆమెకు ప్రేమ పుట్టింది. ఏ పగులు ఎటు తిరుగుతుందో తమ బస్తీ సందుల్లా నోటికి వచ్చేసింది. అయితే మూడు నెలలు ట్రయల్. జూన్ ఆఖరుకు పనికొస్తుందనుకుంటే ఉంచుకుంటారు, లేకపోతే మళ్లీ ఆ బడే గతి.

మే నడుమ ఒక పొరపాటు చేసింది. కింది వాలు మీద మంచు కాస్త ఎర్రగా కనిపించింది. రంగు గడిలో "మామూలు" అని రాసేసింది. రాయదా మరి? కిరండూల్‌లో ఆరేసిన చీర ఎర్రన, వేపాకు ఎర్రన, మూత పెట్టకపోతే పెరుగూ ఎర్రనే. దుమ్ము పడటం ఒక సంగతని ఇక్కడ పుట్టినవాళ్లకు ఎలా తోస్తుంది? అది గాలికి ఆఫ్రికా ఎడారి నుంచి కొట్టుకొచ్చిన దుమ్మట. పదింటికల్లా ఆ మంచు జావలా అయిపోయింది. పలకలు అతుక్కుపోయి ఒకావిడ పడింది, మడమ బెణికింది.

జగదల్‌పూర్ ఆఫీసులో పని అప్పజెప్పే వికాస్ ఫోన్ చేశాడు. "దుర్గా జీ, ఇంకొక్కటి ఇలా జరిగితే నా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నాడు హిందీలో. అతను కోప్పడి ఉంటేనే బాగుండేది. ఆ మెత్తదనానికి ఆమెకు ఏడుపొచ్చింది. ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి తన మాట నమ్మి పడిందన్న బాధ రెండు రోజులు అన్నం సహించనివ్వలేదు.

మూడోనాడు తల్లి డాబా మీద నీళ్లు కొట్టి కడుగుతుంటే సాయానికి వెళ్లింది. ఎండాకాలం రాగానే సోమక్క డాబాకు సున్నం వేస్తుంది. పది రోజులకోసారి దాన్ని కడుగుతుంది.

"ఎందుకే అమ్మా ఇంత కష్టం? రేపటికి మళ్లా దుమ్మే గదా" అంది కూతురు.

"తెల్లగున్నన్ని రోజులే సున్నం ఎండను తిప్పికొడతది. ఎర్రదుమ్ము కూసుందంటే ఎండనంతా తాగుతది. కిందున్న మనం ఉడుకుతం. నీకింత సదువెందుకే?"

దుర్గాభవాని కడిగిన చోట ఒక పాదం, కడగని చోట ఒక పాదం పెట్టి నిలబడింది. ఒక కాలు ఓర్చుకుంది, రెండోది ఓర్చుకోలేకపోయింది. తల్లిని అక్కడే వదిలేసి గబగబా మెట్లు దిగింది. పాత ఫొటోలన్నీ తీసి, దుమ్ము పడిన రోజుల్లో మంచు ఎన్నింటికి మెత్తబడిందో కాగితం మీద రాసుకుంది.

జూన్‌లో ఒక ఆదివారం కింది వాలు మళ్లీ ఎర్రబడింది. థర్మామీటరు మాత్రం మైనస్ నాలుగు. లెక్క ప్రకారం పన్నెండు దాకా ఢోకా లేదు. ఆమె "కింది వాలు తొమ్మిదింటికే మూయండి" అని రాసింది.

వికాస్ వెంటనే ఫోన్ చేశాడు. "మైనస్ నాలుగు చూపిస్తుంటే మూయమంటారేంటి? ఆదివారం, జనం బాగా వస్తారు. ఊరికే మూయించామని తేలితే మీ పని పోతుంది."

"పోతే పోనీండి. రాసింది రాసినట్టు పంపండి" అంది. ఫోన్ పెట్టేసింది. బడి గంట చెవుల్లో మోగినంత పనైంది.

మనకు ఒంటిగంట కావస్తుండగా కొత్త ఫొటో వచ్చింది. కింది వాలు ఖాళీగా ఉంది. దాని నడుమ ఎర్ర కోటు వేసుకున్న ఒక్క మనిషి, మోకాలిదాకా మంచులో దిగబడి, కెమెరా వైపు చెయ్యెత్తి నిలబడ్డాడు. అరగంటకు వికాస్ ఫోన్. ఆ మనిషే ఆంటనట. సీజనంతా ఈ కొండను ఆ అమ్మాయే చూడాలన్నాడట. ట్రయల్ ఈ రోజుతో అయిపోయినట్టే.

దుర్గాభవాని కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూ ఆ ఫొటో ముందే కూర్చుండిపోయింది. మజ్జిగ పట్టుకొచ్చిన సోమక్క స్క్రీన్ చూసి కంగారుపడింది.

"ఏందే, ఆయనెవరో దిగబడ్డడు! ఎవరన్న గుంజుతలేరా?"

"కావాలనే దిగిండమ్మా. నేను చెప్పింది నిజమో కాదో చూద్దామని."

"నిజమేనా మరి?"

"మోకాలిదాకా నిజమే."