దిమ్మెలో పంచలోహం

తొంభైల మొదట్లో నేను మేళ్లచెరువు దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుని. కోదాడలో కిరాయి గది, పొద్దున ఫ్యాక్టరీ బస్సు. ఇంటి ఓనరు నన్ను "సిమెంటు డాక్టరు" అనేవాడు. నిజమే, నా రోగులు బిగుసుకుపోతేనే నాకు మంచి పేరు.

ఆ ఏడు ల్యాబుకు ఒక కొత్త పని వచ్చింది. అణు రియాక్టరు చుట్టూ కట్టే మందపాటి గోడ రేడియేషన్‌ను ఆపుతుంది గానీ, ఏళ్ల తరబడి న్యూట్రాన్లు తిని తిని తనే కొంత రేడియోధార్మికం అవుతుంది. రియాక్టరు మూసేశాక ఆ గోడను కూల్చడమే ఒక తలనొప్పి. అందుకు కారణం రాతిలో పిసరంత దాక్కున్న కోబాల్టు, యూరోపియం లాంటివి. గ్రానైటులో అవి ఎక్కువ, మా సున్నపురాయిలో తక్కువ. కాబట్టి సూర్యాపేట క్రషర్ల గ్రానైటు కంకర మానేసి, సున్నపురాయినే కంకరగా వేసి దిమ్మెలు పోయాలన్నది ల్యాబు పెద్ద, అంటే మా సారు ఆలోచన. రియాక్టరు వాళ్లు ఒక్క దిమ్మెను పరీక్షకు తీసుకుంటామన్నారు. ఈ విడత తప్పితే పని మూసేయమని మేనేజ్‌మెంటు ముందే చెప్పేసింది.

పోత పోసింది మిర్యాలగూడ మేస్త్రీ. రైస్‌మిల్లులు కట్టి పేరు తెచ్చుకున్నవాడు. మూడు దిమ్మెలు పోశాడు. నెలంతా తొట్టిలో నానబెట్టాం. పెట్టెలో సర్దే రోజు అతనూ చూడవచ్చి, మా మొహాలు చూసి ధైర్యం చెప్పాడు.

"పరేషాన్ గాకుండ్రి సారూ. మొదటి దాంట్ల పంచలోహం ఏసిన. ఇగ పని ఆగమన్నా ఆగది."

ఇంటి పునాదిలో వేసే పంచలోహం! వెండి, బంగారం, రాగి! న్యూట్రాన్లు తగిలితే అవీ రేడియోధార్మికం అవుతాయి, అణువణువూ ఏరుకుంటూ వచ్చిన మా కష్టమంతా వృథా. సారు మేస్త్రీ వైపు తిరిగారు.

"ఏ దాంట్లో వేశావయ్యా?"

"ఈశాన్యం దిక్కున్న దాంట్ల."

"తొట్టిలోకి దించాక ఇంక ఈశాన్యం ఎక్కడిది?"

"దించింది మీరే గద! నన్నొక్క మాట అడిగిండ్రా?"

తూకం వేశాను. మూడూ మూడు రకాలుగా తూగాయి, ఎవరి బరువు వాళ్లది. అయస్కాంతం పెట్టి చూశాను. నా చేతి గడియారం ఆగిపోయింది.

ఏదో ఒకటి గుడ్డిగా పంపడానికి సారు ఒప్పుకోలేదు. పగలగొట్టమన్నారు. మొదట పగలగొట్టినదాంట్లో ఏమీ లేదు, మంచి దిమ్మె మట్టిపాలైంది. రెండోదాంట్లోనూ లేకపోతే లోహం మూడోదాంట్లో ఉన్నట్టే, ఇక పంపడానికి ఏమీ మిగలదు. మేస్త్రీ సుత్తి ఎత్తాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

చీలిన దిమ్మెలో రాగి తునక మెరిసింది. మేస్త్రీ దాన్ని కళ్లకద్దుకున్నాడు. నేనూ అద్దుకుందును గానీ, సారు చూస్తున్నారు.

మిగిలిన దిమ్మెను పెట్టెలో పెట్టి మూత బిగించాం.

"గిట్ల ఒట్టిగనే పంపుతరా సారూ?" మేస్త్రీకి మనసొప్పలేదు.

"పెట్టెకు బొట్టు పెట్టుకో. బయట మాత్రమే."

మూతకు పసుపు కుంకుమలు పడ్డాయి. లారీ కదిలేదాకా సారు కళ్లు మేస్త్రీ చేతుల మీదే ఉన్నాయి.

కొన్ని నెలలకు కబురొచ్చింది. పక్కన పెట్టి పరీక్షించిన గ్రానైటు దిమ్మె కంటే మాదాంట్లో రేడియేషన్ త్వరగా శాంతించిందట. పని ఆగలేదు. మేస్త్రీకి ఆ మాట చెబితే పెదవి విరిచాడు.

"బయట బొట్టు పెడితేనే గింత పనిజేసింది. లోపల ఉండనిస్తే ఇంకెంత జేస్తుండెనో!"