మా బావకు దక్కని నవ్వు

మా బావ ఏళ్ల తరబడి జనాన్ని నవ్వించి బతుకుతున్నాడు. ఆయన మొహం మాత్రం అప్పుడే పన్ను పీకించుకొని వచ్చినట్టుంటుంది. వారపత్రిక చివరి పేజీలో కార్టూను ఆయనదే. పిల్లల కామిక్సులో దొంగను పట్టబోయి తానే కిటికీలో ఇరుక్కుపోయే బొజ్జ పోలీసూ ఆయన సృష్టే.

ఆయన పనికొక పద్ధతుంది. ముందు పెన్సిలుతో గీస్తాడు. ఆ కాగితం పట్టుకొని వంటింట్లోకి వెళ్లి మా అక్క ముందు నిలబడతాడు. ఆవిడ చేతిలో పని ఆపి, కళ్లజోడు సర్దుకొని, చూసి "ఊఁ" అంటే దానిమీద ఇంకు పడుతుంది. పెదవి విరిస్తే కాగితం చెత్తబుట్టలో పడుతుంది. ఇన్నేళ్లలో అక్క ఒక్క బొమ్మకూ నవ్వలేదు. ఆవిడది నవ్వే స్వభావం కాదని బావ సరిపెట్టుకున్నాడు. నన్నడిగితే చెప్పేదాన్ని. చిన్నప్పుడు ఆవిడ నవ్వు మొదలెడితే ఆపలేక మా అమ్మ తల పట్టుకొనేది.

ఇలా ఉండగా పత్రికలోకి కొత్తవాడొకడు వచ్చాడు. సంతకం చోట పిల్లితోక గీస్తాడు కాబట్టి అందరూ వాణ్ని 'తోక' అంటారు. చెయ్యి ఇంకా తిరగలేదు. వాడు గీసే మనుషులకు మోకాళ్లుండవు. బావ వాణ్ని పూచికపుల్లకింద తీసిపారేశాడు. ఒకరోజు వంటింట్లోంచి పకపకా నవ్వు వినిపించింది. ఎవరొచ్చారా అని నేనూ బావా వెళ్లి చూస్తే అక్క! ఒళ్లో పత్రిక, కళ్లలో నీళ్లు. తెరిచిన పేజీలో తోకగాడి బొమ్మ.

అంతే, బావ కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. కామిక్సులో దొంగకు తోకగాడి పోలికలు పెట్టి బొజ్జ పోలీసు చేత తన్నించాడు. అప్పటికీ కసి తీరక, సిగ్గు విడిచి తానూ మోకాళ్లు లేని మనుషుల్ని గీసి చూశాడు. చివరికి ఒక కార్టూను అక్కకు చూపించకుండానే పత్రికకు పంపేశాడు. అచ్చులో మొదటిసారి చూస్తే తప్పకుండా నవ్వుతుందని ఆయన ఆశ.

పత్రిక వచ్చిన రోజు నేనక్కడే కూరగాయలు తరుగుతున్నాను. బావ తలుపు దగ్గర నిలబడి లేని బూజు దులుపుతున్నాడు. అక్క చివరి పేజీ తీసి చూసింది. ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఇది నాకు చూపించలేదేం? ఎవరికి చూపించారు?"

ఎవరికీ చూపించలేదన్నాడు బావ. తోకగాడికైతే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వావు, నా బొమ్మకు ఏనాడైనా పెదవి కదిపావా అంటూ ఇన్నాళ్లూ మింగినదంతా కక్కేశాడు.

అక్క పత్రిక మడిచి పక్కన పెట్టింది.

"వాడి బొమ్మ బాగోకపోతే నాకేం పోయింది? నవ్వొచ్చింది, నవ్వాను. మీది చేతిలో పెట్టగానే, ఇది జనానికి నచ్చకపోతే ఈ మనిషి ఏమైపోతాడో అని గుండె దడదడలాడుతుంది. భయపడేవాళ్లకి నవ్వెలా వస్తుందండీ?"



తరువాతి వారం ఆయన మళ్లీ పెన్సిలు కాగితం పట్టుకొని వంటింట్లోకి వచ్చాడు. అక్క చూసి "ఊఁ" అంది. బావ తిరిగి వెళ్లబోతూ ఆగి, ఈసారి తోకగాడు ఏం గీశాడని అడిగాడు. ఇంకా చూడలేదంది అక్క. పొద్దున్నే చూసింది. చప్పుడు బయటికి రాకుండా రెండు చేతులతో నోరు నొక్కుకొని నవ్వుతుంటే నేను చూశాను.