కూర్చుని తిట్టుకునే ఇల్లు

కుట్టుమిషన్ల మెకానిక్ ఇంట్లో ఎవరికి కోపమొచ్చినా ముందు నేల మీద కూర్చోవాలి, తర్వాతే తిట్టాలి. పెళ్ళైన కొత్తలో తొలి తగవుకే మొగుడు చతికిలబడితే, కళ్ళు తిరిగాయేమోనని భార్య మంచినీళ్ళు తెచ్చింది. “మా వంశాచారం,” అన్నాడతను గొప్పగా.

దుకాణం మూతపడ్డాక మనిషి మనిషిలా లేడు. నిద్ర లేదు, అయినదానికీ కానిదానికీ చిరాకు. ఈమధ్య కూర్చోవడం కూడా మానేసి నిలబడే అరుస్తున్నాడు. వాళ్ళ నాన్న చెయ్యి తనకెక్కడ వస్తుందోనన్నదే అతని భయం. ఆ చెయ్యి వీపుకింకా గుర్తే.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున యూనివర్సిటీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. అతని చిన్నప్పుడు వారం వారం ఇంటికొచ్చి, పిల్లల్ని ఆడించి, తల్లులకు పెంపకంలో మెళకువలు చెప్పిన పథకం ఒకటుండేది. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్ళ మనసెలా ఉందో కనుక్కుంటున్నారట. అతనికి అప్పట్లో ఇంటికొచ్చే ఆటలక్క గుర్తొచ్చింది. భుజాన గుడ్డసంచి, అందులో రంగు వెలిసిన చెక్కముక్కలు, ఆమెతోపాటు గదిలోకి వచ్చే సబ్బు వాసన. గుమ్మంలో ఆమె చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించిన మధ్యాహ్నాలు.

“చెక్కముక్కలు గుర్తున్నాయండీ. ఇంకేం మిగల్లేదు,” అని పెట్టేశాడు. పథకాలు మనుషుల్ని మహాత్ముల్ని చేస్తాయనేవాళ్ళు అతని ఇంట్లో ఒక్క పూట ఉంటే చాలు.

ఆ సాయంత్రమే, బాగుచేయమని ఎవరో ఇచ్చిన మిషన్‌ను కూతురు ఆడుతూ ఆడుతూ బల్ల మీంచి తోసేసింది. చక్రం విరిగింది. అతని చెయ్యి లేచింది. పిల్ల పారిపోలేదు, గబుక్కున బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“నాన్నా, కూర్చుని తిట్టు.”

లేచిన చెయ్యి ఏం చేయాలో తోచక నెత్తి గోక్కుంది. మోకాళ్ళు వాటంతటవే మడతపడ్డాయి.

“చూశావా అమ్మా, మన వంశాచారం దీనికీ వచ్చింది,” అన్నాడు వంటింటి వైపు తిరిగి.

గుమ్మంలోంచి అతని తల్లి పకపకా నవ్వింది. “వంశమా, నా మొహమా! మీ నాన్నకి నోటికంటే ముందు చెయ్యి లేచేది. నేనేం తక్కువ తిన్నానా? నీ మీదికి గరిటె ఎత్తినప్పుడల్లా ఆటలక్క ‘ముందు కూర్చో తల్లీ, తర్వాత తిట్టుకో’ అని కొంగు పట్టి లాగేది. కూర్చునేసరికి సగం తిట్లు మర్చిపోయేదాన్నిరా!”

“తిట్టవేం నాన్నా?” అంది కూతురు.

“ఉండవే, గుర్తు రానీ.”

విరిగిన చక్రం ఒళ్ళో పెట్టుకుని, కింద కూర్చునే పొద్దున్నటి నంబరుకు ఫోన్ చేశాడు.

“పొద్దున తప్పు చెప్పానండీ. మిగిలింది. ఇంకో మాట... నిద్ర పట్టట్లేదండీ. ఎవరికి చెప్పుకోవాలో తెలీడం లేదు.”