ఈతాకు శిలువ

చాదర్‌ఘాట్‌లో సిటీ బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన, "జర పట్టుకో బిడ్డా" అని రుమాలొకటి నా చేతికిచ్చి, టికెట్ కోసం జేబులు వెతుక్కున్నాడు. రుమాలు మడత విడితే లోపల ఈతాకుతో అల్లిన చిన్న శిలువ కనిపించింది. ఎండి పెళుసుబారింది.

"పోయినేడు ఈస్టర్ ముంగటి మట్టల ఆదివారం మా ఇంటామె అల్లింది. ఏడాదంతా మా తలుపు మీద ఉండె. ఇప్పుడు ఆబిడ్స్‌ల మా చర్చిల ఇయ్యాలె. అందరి మట్టలు ఒక్కకాడ కాల్చి, ఉపాసాలు షురువయ్యే బుధవారం నాడు ఆ బూడిద నొసట పెడ్తరు. మన్నులకెల్లి వచ్చినం, మన్నులనే కలుస్తమని యాదికుండాలె గద."

"అమ్మ రాలేదా?" అని అడిగాను.

"వానకాలంల పోయింది."

"మరి గిదొక్కటి దాచుకోరాదా, పెద్దయ్యా?" అన్నాను.

"దాచుకుందామనే ఉండె. గని ఏటా ఆమెనే తీస్కపోయి ఇచ్చేది. దాచిపెడ్తే ఇంట్ల ఆమె గురుతు ఉంటది, ఆమె నడిపిన ఆనవాయితి ఉండది."

ఆబిడ్స్‌లో దిగే ముందు నా చేతిలోని శిలువను తీసుకుని కళ్లకద్దుకుని, మళ్లీ రుమాల్లో చుట్టుకున్నాడు.

ఆ బుధవారం సాయంత్రం నాంపల్లిలో బస్సెక్కిన ఓ కాలేజీ అమ్మాయి నుదుట బూడిద శిలువ కనిపించింది. అందులో ఆ ఈతాకు కూడా కలిసిందేమో అనిపించి, నేను లేచి సీటిచ్చాను.

"పర్లేదు అంకుల్, మీరే కూసోండ్రి" అంది ఆశ్చర్యంగా.

నేను కూర్చోలేకపోయాను.